గట్టు మీద కూర్చునే పిల్లల కోసం

(జాతీయ క్రీడా దినోత్సవం నాడు ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో విశ్రాంత వ్యాయామోపాధ్యాయురాలు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి. హాల్లో పిల్లలెవరూ లేరు కదా? హెడ్మాస్టరు గారిని ముందే అడిగాను, నేను మాట్లాడేంతసేపూ పిల్లలను గ్రౌండులోనే ఉంచమని. వాళ్ల సంగతి వాళ్ల ఎదురుగానే నలుగురిలో మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇవాళ ఆగస్టు 29. హాకీ ధ్యాన్‌చంద్ గారు పుట్టిన రోజు. ఏటా ఈ రోజున మనం ఏం చేస్తాం? బాగా ఆడే పిల్లలను స్టేజీ మీదికి పిలుస్తాం, కప్పులిస్తాం, ఫోటోలు తీస్తాం. చెయ్యాలి, తప్పకుండా చెయ్యాలి. కానీ ఆ పిల్లలు మనం పిలిచినా, పిలవకపోయినా ఆడతారు. బెల్లు కొట్టకముందే గ్రౌండులో ఉంటారు. నాకు బెంగంతా గ్రౌండు పక్కన గట్టు మీద కూర్చునే పిల్లల గురించి. గేమ్స్ పీరియడ్ అనగానే "టీచర్, కడుపునొప్పి", "టీచర్, నోట్సు రాసుకోవాలి", "టీచర్, చెప్పు తెగిపోయింది" అంటారే, ఆ పిల్లల గురించి. మీలో ఎంతమంది ఇళ్లలో అలాంటి పిల్లలున్నారు? చేతులెత్తండి, ఏం ఫర్వాలేదు. చూశారా, సగం హాలు ఎత్తింది.

డ్రిల్లు టీచరుగా పనిచేసినన్నాళ్లూ నేను ఎక్కువగా చూసింది ఆ గట్టు వైపే. నాకు అర్థమైన సంగతి ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని వివరమే. ఆట వద్దనే పిల్ల వద్దంటున్నది చాలాసార్లు ఆటను కాదు. ఆట చుట్టూ ఇంకేదో ఉంటుంది, దాన్ని వద్దంటోంది. ఆ ఇంకేదో ఏమిటో కనుక్కోవడం పెద్దవాళ్ల పని. కనుక్కోకుండా వెనక నుంచి తోస్తే పిల్ల ఇంకా గట్టిగా కూర్చుంటుంది.

ఒక పిల్లాడుండేవాడు, ఏడో తరగతి. క్రికెట్ అంటే ప్రాణం. రాత్రి మ్యాచ్‌లో ఎవరు ఎంత కొట్టారో, ఎవరు ఎలా అవుటయ్యారో పొద్దున్నే అప్పజెప్పేవాడు. గ్రౌండుకు రమ్మంటే మాత్రం రాడు. తోటిపిల్లలు "వాడికి బంతంటే భయం" అనేవాళ్లు. వాళ్ల నాన్నగారు వచ్చి "బద్ధకం మేడం, రెండు తగిలించండి, దారికొస్తాడు" అన్నారు. ఒకరోజు పిల్లలంతా వెళ్లిపోయాక వాడొక్కణ్నే ఉంచి టెన్నిస్ బంతి విసిరాను. రెండడుగుల నుంచి విసిరితే చక్కగా పట్టుకుంటున్నాడు. పది, పదిహేను అడుగుల నుంచి విసిరితే బంతి ముఖం మీదికి వచ్చేదాకా చెయ్యి లేవడం లేదు. కళ్లు చూపించమని చెప్పాను. మైనస్ పవర్ ఉందని తేలింది. అన్నాళ్లూ బోర్డు మీదున్నది పక్కవాడి నోట్సులో చూసి రాసుకునేవాడట. బంతిని పక్కవాడి నోట్సులో చూసి పట్టుకోలేడు కదా! అద్దాలు పెట్టాక వాడు తనంతట తానే గ్రౌండులోకి వచ్చాడు. ఆ పిల్లాడికి బద్ధకం ఎక్కడుంది చెప్పండి?

అందుకే అంటున్నాను, పిల్ల రానంటే ముందు ఒంటి సంగతి చూడండి. చూపు ఒకటి. రక్తం ఇంకొకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ప్రభుత్వం చేయిస్తుంది. 2019-21లో చేసినప్పుడు మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. మగపిల్లల్లో 31 మందికి. నూటికి 59 మంది అంటే ఏమిటమ్మా? ఒక ఖోఖో జట్టులో సగం కంటే ఎక్కువ. రెండు రౌండ్లు పరుగెత్తేసరికి ఆ పిల్లకు ఆయాసం వస్తుంది, కళ్లు తిరుగుతాయి, కాళ్లు పీకుతాయి. రేపటి నుంచి రాదు. మనం "సుకుమారం" అంటాం. బళ్లో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రలు ఎంతమంది పిల్లలు మింగుతున్నారో ఇంట్లో అడగండి. కడుపులో తిప్పుతోందని పారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ తిప్పడం తగ్గుతుంది. నులిపురుగుల మాత్ర కూడా వదలొద్దు.

ఆస్తమా ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ ఉండే ఉంటారు. ఆయాసం వస్తుందని మీరే ఆపేస్తారు, పాపం, భయం కదా. డాక్టరు గారిని అడగండి. ఆస్తమా అదుపులో ఉంటే చాలామంది పిల్లలు ఆడుకోవచ్చు. కొందరికి ఆటకు ముందే ఇన్‌హేలర్ తీసుకోమని చెబుతారు. ఆ సంగతి పీఈటీకి కూడా చెప్పి ఉంచండి. ఇన్‌హేలర్ బ్యాగులో, బ్యాగు పై అంతస్తులో ఉంటే లాభం లేదు.

ఇంకొందరు పిల్లలుంటారు. జబ్బేమీ లేదు, చూపు బాగుంది, చదువు కూడా బాగానే వస్తుంది. ఒళ్లే మాట వినదు. బొత్తాలు పెట్టుకోవడం, షూలేసు కట్టుకోవడం ఆలస్యంగా వచ్చి ఉంటుంది. బంతి ఒకవైపు వస్తే చెయ్యి ఇంకోవైపు వెళ్తుంది. ఇలాంటి పిల్లలు నూటికి అయిదారుగురు ఉంటారని డాక్టర్లు చెబుతారు. అంటే అరవైమంది క్లాసులో ముగ్గురు. మీరు చిన్నప్పుడు చదివిన క్లాసు గుర్తు చేసుకోండి, ఆ ముగ్గురి ముఖాలూ గుర్తొస్తాయి. వీళ్లను తీసుకెళ్లి మొదటిరోజే క్రికెట్‌లో పెడితే నవ్వులపాలవుతారు. ఈత, సైకిలు, తాడాట, పరుగు, యోగా, ఇలాంటివి మొదలుపెట్టండి. ఎదుటివాడి వేగాన్ని బట్టి మనం కదలాల్సిన పని వాటిలో ఉండదు. తన వేగం తనదే. ఒంటి మీద కాస్త నమ్మకం వచ్చాక బంతి సంగతి చూడొచ్చు.

మానసిక ఎదుగుదలలో వెనకబడిన పిల్లలను గేమ్స్ పీరియడ్‌లో గట్టు మీద కూర్చోబెట్టి చెప్పులకు కాపలా పెట్టడం నేను చాలా బళ్లలో చూశాను. నాకు కడుపు రగిలిపోయేది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి పేరు విన్నారు కదా? చిన్నప్పుడు ఊళ్లో ఆ పిల్లను ఎంత వెక్కిరించారో ఆ తల్లిదండ్రులే చెప్పుకున్నారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. అందరూ పతకాలు తెస్తారని నేను అనడం లేదు. చెప్పుల కాపలాకు పెట్టిన పిల్లలో ఏముందో మనకు తెలియదు, తెలుసుకునే అవకాశం కూడా మనం ఇవ్వడం లేదు అంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒంట్లో ఏ లోపమూ లేకపోయినా పిల్లలు గట్టు ఎక్కుతారు. ఎందుకు? సిగ్గు. నలుగురిలో తక్కువైపోతామన్న సిగ్గు. అందుకే పిల్లలను ఇక్కడ కూర్చోబెట్టొద్దన్నాను. "మా వాడు బొత్తిగా ఆడడు మేడం" అని మీరు వాడి ముందే నాతో అంటే, ఆ మాట వాడి పేరైపోతుంది.

గ్రౌండులో జట్లు ఎలా వేసుకుంటారో ఎప్పుడైనా చూశారా? ఇద్దరు కెప్టెన్లు నిలబడతారు. నాకు వాడు, నాకు వీడు అని ఒక్కొక్కరినీ పిలుచుకుంటారు. చివరికి ఇద్దరో ముగ్గురో మిగులుతారు. "సరేలే, వీణ్ని నువ్వు తీసుకో." "అమ్మో, నాకొద్దు, నువ్వే తీసుకో." ఈ మాటలన్నీ వాడు అక్కడే నిలబడి వినాలి. రోజూ వినాలి. ఆఫీసులో మిమ్మల్ని రోజూ పొద్దున అలా నిలబెట్టి, ఎవరికీ అక్కర్లేదని అందరి ముందూ తేల్చి, ఆ తర్వాత పని చెయ్యమంటే మర్నాడు వెళ్లబుద్ధవుతుందా? సెలవు పెడతారు. పిల్లాడు కడుపునొప్పి అంటాడు. అంతే తేడా.

దీనికి మన పల్లెల్లో పిల్లలే ఎప్పుడో దారి కనిపెట్టారు. ఇక్కడున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు గుర్తుండే ఉంటుంది. సమానంగా ఆడే ఇద్దరిద్దరు జోడీ కట్టి, భుజాల మీద చేతులేసుకుని, కాస్త దూరం వెళ్లి గుసగుసగా పేర్లు పెట్టుకునేవాళ్లు. ఒకరు మల్లెపువ్వు, ఒకరు బంతిపువ్వు. తిరిగి వచ్చి కెప్టెన్‌ను "మల్లెపువ్వు కావాలా, బంతిపువ్వు కావాలా" అని అడుగుతారు. కెప్టెన్ పువ్వును కోరుకుంటాడు, మనిషిని కాదు. గట్టివాడు గట్టివాడితో జోడీ, రానివాడు రానివాడితో జోడీ, కాబట్టి జట్లు సమానంగా వస్తాయి. ఎవరూ మిగలరు. చూడండి ఎంత తెలివో! ఈ బడి పీఈటీ గారికి కూడా ఇదే మనవి, కెప్టెన్లతో ఎంచుకునే పద్ధతి మానెయ్యండి. అంకెలు లెక్కపెట్టించండి, చొక్కా రంగును బట్టి విడగొట్టండి, ఏదైనా సరే, ఆ మిగిలిపోవడం అనేది ఉండకూడదు.

ఇంకోటి కూడా ఉండేది మన ఆటల్లో. అక్కతో పాటు చిన్న తమ్ముడు కూడా వస్తాడు, నేనూ ఆడతానని ఏడుస్తాడు. వాణ్ని ఆటలో అరటిపండుగా చేర్చుకునేవాళ్లు. వాడు అందరితో పాటు పరుగెత్తుతాడు, దాక్కుంటాడు, దొరుకుతాడు. కానీ వాడు దొంగ పెట్టక్కర్లేదు, అవుటవడు. ఆట ఎలా ఉంటుందో లోపల ఉండి చూస్తాడు. కొన్నాళ్లకు వాడే "నన్ను కూడా లెక్కలో పెట్టండి" అని కొట్లాడతాడు. భయపడే పిల్లకు మొదట్లో కావలసింది అచ్చంగా ఆ చోటు. గ్రౌండు లోపల ఉండాలి, ఓడిపోయే భయం ఉండకూడదు.

అయితే పన్నెండేళ్ల పిల్లను అరటిపండు అంటే చిన్నబుచ్చుకుంటుంది. దానికి ఒక పని అప్పజెప్పాలి. మా బళ్లో ఒక అమ్మాయి, ఎనిమిదో తరగతి, ఒక్కరోజు కూడా ఆటకు వచ్చేది కాదు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఖోఖో స్కోరు రాయమని పుస్తకం ఇచ్చాను. స్కోరు రాయాలంటే రూల్సు తెలియాలి కదా, నేర్చుకుంది. ఫౌల్ ఎక్కడ జరిగిందో నాకంటే ముందే చెప్పేది. కొన్నాళ్లకు విజిల్ ఇచ్చాను. ఇంకొన్నాళ్లకు ప్రాక్టీసులో ఒకరు తగ్గితే "ఊరికే కూర్చో, ఖో అంటే లే" అన్నాను. ఖోఖోలో ఒక మంచి గుణం ఉంది. తరిమే జట్టులో ఎనిమిది మంది వరసగా కూర్చుని ఉంటారు, పరుగెత్తేది ఒకరే. కూర్చున్న పిల్ల మీద ఎవరి కళ్లూ ఉండవు. ఖో వినపడగానే లేచి నాలుగడుగులు తరుముతుంది, పక్కదానికి ఖో ఇచ్చి మళ్లీ కూర్చుంటుంది. సిగ్గుపడే పిల్లకు ఇంతకంటే మంచి ఆట నాకు కనపడలేదు. 2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖోఖో ప్రపంచ కప్పు జరిగితే మన ఆడపిల్లల జట్టు, మగపిల్లల జట్టు రెండూ గెలిచాయి. ఆ రోజు టీవీ ముందు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. ఇంతకీ ఆ స్కోరు రాసిన అమ్మాయి జిల్లాకు ఆడిందా, రాష్ట్రానికి ఆడిందా అని అడుగుతారు మీరు. ఆడలేదు. పదో తరగతి దాకా రోజూ సాయంత్రం ఆడింది. నాకు కావలసింది అదే.

కెరీర్ అయినా కాకపోయినా ఒంటిమీద ఇష్టం పెరగాలి. ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, ఇప్పుడు ఆటల్లో చేర్చగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "సర్టిఫికెట్ వస్తుందా? స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుందా?" ఆ లెక్క ఇష్టంగా ఆడే పిల్ల విషయంలో వేసుకోండి, తప్పులేదు. గట్టు మీద పిల్ల దగ్గర ఆ లెక్క తీస్తే మాత్రం అది మళ్లీ ఇంకో పరీక్ష అయిపోతుంది.

మీలో కొందరు మిథాలీ రాజ్ కథ చెబుతారు నాకు. "చూడండి మేడం, వాళ్ల నాన్న బలవంతంగా చేర్పిస్తేనే కదా అంతటిదయింది" అంటారు. ఆ కథ పూర్తిగా వినండి. సికింద్రాబాద్‌లో పెరిగిన పిల్ల. నాన్నగారు ఎయిర్‌ఫోర్సులో పనిచేసినాయన. ఇంట్లో అందరూ తెల్లవారుజామునే లేస్తే ఈ పిల్ల ఆలస్యంగా లేచేది. ఆమెకు ఇష్టమైనది భరతనాట్యం. ఆ బద్ధకం వదిలించాలని అన్నతో పాటు క్రికెట్ క్యాంపుకు తీసుకెళ్లేవారు. అక్కడ ఏం చేసేది? బౌండరీ దగ్గర కూర్చుని హోంవర్కు రాసుకునేది. అది అయ్యాక ఊసుపోక బ్యాటు తీసుకుని నాలుగు బంతులు ఆడేది. అక్కడి కోచ్ ఒకాయన కంట్లో పడింది. రిటైరయ్యేనాటికి వన్డేల్లో 7,805 పరుగులు, ఆడవాళ్ల క్రికెట్‌లో అందరికంటే ఎక్కువ. ఇందులో బలవంతం ఎంతుంది, చెప్పండి? పొద్దున లేపడం వరకు బలవంతమే, ఒప్పుకుంటాను. ఆ తర్వాత? పిల్ల గ్రౌండు పక్కన హోంవర్కు రాసుకుంటే ఎవరూ పుస్తకం లాక్కోలేదు. చూడనిచ్చారు, తనంతట తాను లేవనిచ్చారు. తీసుకెళ్లడం నాన్న చేశారు, బ్యాటు పట్టడం పిల్ల చేసింది.

పి.వి. సింధు సంగతి చూడండి. అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. నాన్న రమణ గారు 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కంచు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. ఆ ఇంట్లో పిల్ల పొడుగ్గా పెరుగుతుంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? వాలీబాల్ ఆడించాలనే కదా! పిల్ల బ్యాడ్మింటన్ అంది. సరే అన్నారు. ఆ సరే అనడం చాలా పెద్ద విషయం. మనలో ఎంతమందిమి అంటాం? నాన్నకు క్రికెట్ ఇష్టం కాబట్టి కొడుకు క్రికెట్. వాడికేమో చెస్ ముందు కూర్చోవాలనో, ఈతకు వెళ్లాలనో ఉంటుంది. సింధుకు ఆట నేర్పిన గోపీచంద్ గారికి కూడా చిన్నప్పుడు ఇష్టం క్రికెట్టేనట, తర్వాత బ్యాడ్మింటన్‌కు వచ్చారు. పిల్లకు ఏ ఆట నప్పుతుందో రెండు మూడు ఆటలు ఆడి చూస్తేనే కదా తెలిసేది? ఒక కోచింగుకు ఏడాది ఫీజు ఒకేసారి కట్టేసి "డబ్బు కట్టాం కాబట్టి వెళ్లాల్సిందే" అనకండి. నెల ఫీజుతో మొదలుపెట్టండి.

బండి మీద ఇంటికి వచ్చేటప్పుడు

పిల్ల ఆట మానెయ్యడం చాలాసార్లు గ్రౌండులో మొదలవదు. బండి మీద ఇంటికి వచ్చేటప్పుడు మొదలవుతుంది. నాన్న ముందు, పిల్ల వెనక. "ఆ క్యాచ్ ఎందుకు వదిలేశావ్? ఎటు చూస్తున్నావ్? ఎదురింటి వాడు చూడు ఎలా ఆడుతున్నాడో." ఇల్లు వచ్చేదాకా ఇదే. పిల్ల దిగడానికి లేదు, పారిపోవడానికి లేదు, వినాల్సిందే. ఓడిపోయానని దానికి తెలుసు, క్యాచ్ వదిలానని దానికి తెలుసు. మీరు చెప్పేది ఏముంది అందులో కొత్తగా? ఆ పావుగంట ఆట గురించి పిల్ల ఎత్తితే మాట్లాడండి, ఎత్తకపోతే ఆకలేస్తోందా అని అడగండి. "నువ్వు ఆడుతుంటే చూడటం నాకు బాగుంటుంది" అని ఒక్కసారి అనండి, అది చాలు. నిజంగా బాగుంటేనే అనండి, పిల్లలు ఉత్త మాటను ఇట్టే పట్టేస్తారు.

గ్రౌండు పక్కన నిలబడి అరిచే నాన్నలకు కూడా ఒక మాట. లోపల కోచ్ ఒకటి చెబుతుంటే బయటి నుంచి మీరొకటి చెబుతారు. పిల్ల బంతిని చూడాలా, కోచ్‌ను చూడాలా, మిమ్మల్ని చూడాలా? మొదటి నెల రోజులు దింపేసి వెళ్లిపోండి. కొంతమంది పిల్లలు మీరు లేకపోతేనే ఆడతారు. ఇంకొంతమంది మీరు కనపడితేనే ఆడతారు. మీ పిల్ల ఏ రకమో దాన్నే అడగండి.

సెల్‌ఫోన్ కొనిస్తా, పిజ్జా కొనిస్తా, గ్రౌండుకు వెళ్లు అంటారు కొందరు. పని జరుగుతుంది, ఓ వారం జరుగుతుంది. 1973లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడం అంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి వేయించారు. తర్వాత బహుమతి మాట లేకుండా వదిలేస్తే, ఆ పిల్లలు బొమ్మల జోలికి వెళ్లడం తగ్గించేశారు. ఉన్న ఇష్టమే తగ్గిపోయింది. ఇక ఇష్టం ఇంకా పుట్టనే లేని పిల్లకు లంచం ఇస్తే ఇష్టం ఎప్పుడు పుడుతుంది? ఆట అయ్యాక అందరూ కలిసి మరమరాల మిక్చర్ తింటారా, తినండి, అది వేరు. ఆ కలిసి తినడం కోసం వచ్చే పిల్లలు కూడా ఉన్నారు, రానివ్వండి.

ఆడపిల్లల సంగతి

ఇది అమ్మలకు ఎక్కువ తెలుసు. ఆరో తరగతి దాకా తొక్కుడుబిళ్ల, ఏడుపెంకులాట, అన్నీ ఆడిన పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గట్టు ఎక్కేస్తుంది. ఏమైంది? చున్నీకి రెండు పక్కలా పిన్నులు పెట్టుకుని పరుగెత్తమంటే ఎలా పరుగెత్తుతుంది? ముందు దానికి ఒక ట్రాక్ ప్యాంటు, వదులు టీషర్టు, సరైన లోపలి బట్టలు కొనండి. ఈ మాట మైకులో చెప్పడానికి నాకు సిగ్గు లేదు. పరుగెత్తితే నొప్పి పుడుతుంది, ఎవరైనా చూస్తారేమోనని బెదురు, ఆ రెండిటికీ మందు స్పోర్ట్స్ బ్రా. అమ్మ కొనివ్వకపోతే ఆ పిల్ల ఎవరిని అడుగుతుంది?

నెలసరి రోజుల్లో ఆడకూడదని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఒంట్లో బాగుంటే ఆడవచ్చు, నొప్పిగా ఉంటే కూర్చోవచ్చు, అది పిల్ల ఇష్టం. కానీ బళ్లో మార్చుకోవడానికి నీళ్లున్న బాత్రూమ్, తలుపుకు గడియ ఉండాలి. అది లేనిచోట నెలకు అయిదు రోజులు ఆట పోతుంది, తర్వాత నెలంతా పోతుంది. ఇక "ఎండలో తిరిగితే నల్లబడతావ్, రేపు ఎవరు చేసుకుంటారు" అనే అత్తయ్యలు, పిన్నులు. దయచేసి, దయచేసి ఆ మాట పిల్ల చెవిన పడనివ్వకండి. పడితే అప్పటికప్పుడు అదే గదిలో దానికి అడ్డం చెప్పండి. అమ్మ మాట్లాడకపోతే పిల్ల అది నిజమే అనుకుంటుంది. గ్రౌండు గోడ మీద కూర్చుని కామెంట్లు చేసే కుర్రాళ్ల సంగతి చూడాల్సింది మనం. ఆ కుర్రాళ్లను పంపించెయ్యాలి గానీ, ఆడపిల్లలను లోపలికి పంపించెయ్యడం ఏం న్యాయం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక లెక్క బయటపెట్టింది. ప్రపంచం మొత్తం మీద 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 81 మంది చాలినంత కదలడం లేదు. ఆడపిల్లల్లో 85 మంది, మగపిల్లల్లో 78 మంది. చాలినంత అంటే ఎంత? 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా. ఒకేసారి గంట ఆడాలని లేదు. బడికి సైకిలు మీద పావుగంట, రావడం పావుగంట, సాయంత్రం అరగంట తాడాట, అయిపోయింది గంట.

"మరి ఇష్టం లేదంటే వదిలేద్దామా మేడం?" అని ఇందాక బయట ఒక నాన్నగారు అడిగారు. వద్దండీ. వదిలెయ్యొద్దు. ఎక్కాలు ఇష్టం లేదంటే వదిలేస్తామా? నేను చెప్పేది ఇంతే. ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. రోజూ ఒంటిని కదిలించడం ఈ ఇంట్లో అందరికీ ఉంది, నాన్నకు కూడా, అమ్మకు కూడా. ఏ ఆట, ఎవరితో, ఎక్కడ అనేది మాత్రం పిల్ల ఇష్టం. ఒక ఆటలో చేరితే రెండు నెలలు వెళ్లాలి, ఆ తర్వాత వద్దంటే మారుదాం, తిట్లేమీ ఉండవు. మారేటప్పుడు ఏది నచ్చలేదో అడగాలి. "ఆ కోచ్ తిడతాడు" అంటే అది కోచ్ సంగతి. ఎవరైనా ఏడిపిస్తున్నారంటే, తాకకూడని చోట తాకుతున్నారంటే, అప్పుడు రెండు నెలల మాట ఉండదు, ఆ రోజే మానిపించాలి, ఆ మనిషిని పోలీసుల దాకా తీసుకెళ్లాలి. పిల్ల ఉన్నట్టుండి ఆట మానేస్తే ఈ అనుమానం కూడా మనసులో ఉంచుకోండి.

మొదలుపెట్టడం ఎలా అంటే, జనం లేనిచోట మొదలుపెట్టండి. మేడ మీద, ఇంటి వెనక, పొద్దున్నే ఖాళీగా ఉన్న గ్రౌండులో. ఒక అమ్మ, ఒక పిల్ల, ఒక ప్లాస్టిక్ బంతి. రెండడుగుల దూరం. పట్టుకోవడం వచ్చాక మూడడుగులు. ఒక స్నేహితురాలిని కలపండి, ఒక్కరిని చాలు. ఇద్దరూ కలిసి వెళ్తే గ్రౌండుకు వెళ్లగలరు. ఒంటరిగా వెళ్లలేని పిల్ల ఇద్దరుంటే వెళ్తుంది, ఇది నేను ఎన్నిసార్లు చూశానో. రోజూ ఒకే టైము పెట్టుకోండి. పది, ఇరవై నిమిషాలు. ఇంకా ఆడాలని ఉండగానే ఆపండి.

బడి గురించి కూడా చెప్పి ముగిస్తాను. విద్యాహక్కు చట్టం, 2009, దానికి చివర ఒక షెడ్యూల్ ఉంటుంది. బడికి ఉండాల్సిన వాటిలో ఆటస్థలం ఉంది, ఆట సామగ్రి కూడా ఉంది. ఇది ప్రైవేటు బళ్లకు కూడా వర్తిస్తుంది. అపార్టుమెంటులో బడి పెట్టి, ఏడాదికోసారి ఎక్కడో గ్రౌండు అద్దెకు తీసుకుని స్పోర్ట్స్ డే చేస్తే సరిపోతుందా? అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ర్యాంకులు అడుగుతాం, ఏసీ ఉందా అని అడుగుతాం. గ్రౌండు చూపించండి అని ఎంతమందిమి అడిగాం? పరీక్షలు దగ్గరపడగానే గేమ్స్ పీరియడ్ లెక్కల సారుకు ఇచ్చేస్తారు. మీరు ఊరుకుంటున్నారు కాబట్టి ఇచ్చేస్తారు. పేరెంట్స్ మీటింగులో మార్కుల కాగితం తీసుకున్నాక ఇంకో నిమిషం నిలబడి, "ఈ నెలలో మా పిల్లకు గేమ్స్ పీరియడ్లు ఎన్ని జరిగాయి?" అని అడగండి. పదిమంది అడిగితే ఆ పీరియడ్ ఎవరూ తీసుకోరు.

ఈ బళ్లో హెడ్మాస్టరు గారు ఒక మాట ఒప్పుకున్నారు. శనివారం సాయంత్రాలు నాలుగున్నర నుంచి ఆరింటి దాకా గ్రౌండు తెరిచి ఉంచుతారు. పోటీలు ఉండవు, జట్టు సెలక్షన్లు ఉండవు. టెన్నికాయిట్ రింగులు, తాళ్లు, మెత్తటి బంతులు ఉంటాయి. ఇప్పటిదాకా ఆడని పిల్లలకే అది. అమ్మలు కూడా రావచ్చు, చీర కొంగు దోపుకుని రింగు విసరవచ్చు. నేను కూడా ఉంటాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి. మైకు అటు ఇస్తారు. మీ పిల్ల పేరు చెప్పకుండా అడగండి. నలుగురిలో అడగలేని సంగతైతే, మీటింగయ్యాక స్టాఫ్ రూములో కూర్చుంటాను, అక్కడికి రండి. ఆ, మూడో వరుసలో పచ్చచీర అమ్మా, మీరు చెప్పండి.